భాగములు పెరిగిన యంత్రము చెడునా?

పలు భాగములుగల యంత్రము తరచుగా చెడిపోవుననియు, కొద్ది భాగములుగలది చిరకాలము మన్నుననియు అందరును అందురు. తిరుగలి తరతరములు నడచును. మోటారు కారు ఏటేటా మరమ్మతు కోరును. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని తరగతిలో దీనిని ఇంతటితో విడిచినచో విద్యార్థికి సగము సత్యమే అందును.

మొదట ఆ సగము. నూరు భాగములున్న యంత్రములో ప్రతి భాగమును నూటికి 99 మార్లు సరిగా పనిచేయుననుకొనుడు. అన్ని భాగములును పనిచేసినగాని యంత్రము నడువదు. అట్టియెడ 0.99ను నూరుమార్లు వేసి గుణింపవలెను. ఫలితము సుమారు 0.37. అనగా విడివిడిగా నమ్మదగిన భాగములే కలిసి నూటికి 63 మార్లు మొరాయించు యంత్రమగును. భాగములు పదియే యైనచో ఫలితము 0.90. గొలుసు బలమంతయు దాని బలహీనమైన లంకెలోనే యున్నదను నానుడి ఇచట చాలదు. ప్రత్యేకించి బలహీనమైన లంకె ఏదియు లేకున్నను గొలుసు తెగవచ్చును.

ఇక విడిచిన సగము. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ గణనయంత్రములో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులుండెను. సంఖ్యనుబట్టి చూచిన అది నడచుటయే కష్టము. అయినను నిర్మాతలలో నొకడైన ఎకర్ట్ ట్యూబులను వాని శక్తికంటె తక్కువ భారముతో వాడించెను. వేడెక్కునపుడును చల్లారునపుడును అవి ఎక్కువగా చెడుచున్నందున యంత్రమును ఆర్పకుండ నుంచిరి. అటుపిమ్మట సుమారు రెండు దినముల కొక ట్యూబు మాత్రమే చెడుచుండెను. కావున సంఖ్యతోపాటు వాడుక పద్ధతియు లెక్కలోనిదే.

అంతేకాదు, అదనపు భాగము యంత్రమును బలపరుపవచ్చును. నూటికి 90 మార్లు పనిచేయు పంపులు రెండుంచి, ఒకటి నడచినను చాలునన్నచో, రెండును ఒకేసారి చెడు అవకాశము నూటికి ఒక్కటే. కాని పై రెండు లెక్కలకును ఒక నియమము గలదు: ఒక భాగము చెడుట వేరొక భాగమును తాకరాదు. 1989 జూలై 19న అమెరికాలో ప్రయాణించుచున్న ఒక డీసీ-10 విమానములో మూడు హైడ్రాలిక్ వ్యవస్థలుండెను. తోకలోని ఇంజను ఫ్యాను చక్రము పగిలి చెదరగా మూడును ఒక్కమారే పోయెను. సూ సిటీలో దిగుచు విమానము కూలెను. 296 మందిలో 184 మంది బ్రదికిరి.

కావున భాగములెన్ని యని అడిగిన చాలదు. అన్నియు నడువవలెనా, ఒకటి చాలునా, ఒకటి చెడిన తక్కినవి నిలుచునా అని కూడ అడుగవలెను. ఈ ప్రశ్నలు లేని పాఠము విద్యార్థికి యంత్రమన్న భయమును నేర్పునేగాని వివేకమును నేర్పదు.