కెమెరాలో బాంబు: ‘బ్లాక్ సండే’ నవల

డిటెక్టివ్ నవలనూ, థ్రిల్లర్‌నూ కాలక్షేపం సరుకని పక్కకు నెట్టడం మన విమర్శకులకు అలవాటు. లక్షలమంది చదివే పుస్తకం వాళ్లకు ఏ భయాన్ని అమ్ముతోందో, ఎవరిమీద కోపాన్ని నేర్పుతోందో చూడవలసిన బాధ్యత అంతటితో తీరిపోదు.

థామస్ హారిస్ మొదటి నవల ‘బ్లాక్ సండే’ 1975లో వచ్చింది. అంతకుముందు, 1972 సెప్టెంబరులో, మ్యూనిక్ ఒలింపిక్స్‌లో బ్లాక్ సెప్టెంబర్ దళం దాడిలో 11 మంది ఇజ్రాయెలీ క్రీడాకారులు, శిక్షకులు చనిపోయారు. ఆ ఘటనను ప్రపంచం టెలివిజన్ ముందు కూర్చుని చూసింది. అప్పట్లో హారిస్ న్యూయార్క్‌లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఉద్యోగి. వార్త ఎలా తయారవుతుందో, ఎలా అమ్ముడవుతుందో లోపలినుంచి చూసినవాడు. ఈ నవలకు బలం ఆ అనుభవమే.

కథానాయకుడనదగ్గ హంతకుడు మైకేల్ లాండర్, అమెరికన్ నౌకాదళ పైలట్. వియత్నాంలో బందీ అయ్యాడు. చెరలో ఉండగా ఇచ్చిన ప్రకటన మూలంగా స్వదేశంలో తలవంపులపాలయ్యాడు. భార్య విడిచిపోయింది. ఇప్పుడతని ఉద్యోగం ఫుట్‌బాల్ పోటీలను ఆకాశంనుంచి చిత్రించే టెలివిజన్ కెమెరాను మోసే గాలిఓడ నడపడం. న్యూ ఆర్లియన్స్‌లో సూపర్ బౌల్ పోటీనాడు, దేశాధ్యక్షుడు సహా స్టేడియంలో కిక్కిరిసిన వేలాది జనంమీద, ఆ ఓడలోంచే వేల ఉక్కు ములుకులు పేల్చాలని అతని పథకం. పేలుడు సామగ్రి సమకూర్చేది బ్లాక్ సెప్టెంబర్ సభ్యురాలు దలియా ఇయాద్. వాళ్లను వెంటాడేవాడు ఇజ్రాయెలీ గూఢచారి కబకోవ్.

లాండర్‌కు పాలస్తీనా పట్టదు. అతనికి కావలసింది పేలుడు పదార్థం. వాళ్లకు కావలసింది పైలట్. క్రీ.పూ. 356లో ఎఫెసస్ ఆలయాన్ని తగలబెట్టిన హిరోస్ట్రాటస్ తన పేరు నిలవాలని కోరుకున్నాడంటారు. లాండర్ కోరిక ఇంకా ఆధునికం. తనను వెలివేసిన దేశమంతా ఒకే క్షణాన, ఒకే తెరమీద తన చేతిపనిని చూడాలి. అందుకే అతను మరో రోజునూ, మరో చోటునూ ఎన్నుకోడు. దలియా కూడా దాడి తరువాత అమెరికన్ ప్రజలకు వినిపించవలసిన ప్రకటనను ముందే టేపుమీద రికార్డు చేస్తుంది. బీరూట్‌లో ఆ టేపు కబకోవ్ చేతికి చిక్కడంతోనే కుట్ర బయటపడుతుంది. ప్రచారంకోసం చేసిన ఏర్పాటే వాళ్లను పట్టిస్తుంది. కథను ఇంత పొందికగా అల్లిన రచయితను మెచ్చుకోక తప్పదు.

జాన్ ఫ్రాంకెన్‌హైమర్ 1977లో తీసిన సినిమాలో ఇదే భావం ఒక్క దృశ్యంలో కట్టెదుట నిలుస్తుంది. పాడుపడిన ఒక విమానాల షెడ్డులో ఆయుధాన్ని పరీక్షిస్తూ లాండర్ అక్కడి కాపలాదారును ఫొటోకు నిలబడమంటాడు. ఆ ముసలివాడు సంబరంగా నిలబడతాడు. మీట నొక్కగానే మనిషి పడిపోతాడు. రేకుగోడలో లెక్కలేనన్ని చిల్లులు, వాటిగుండా ఎండ. ఆ చిల్లుల అమరిక చూసి లాండర్ పసివాడిలా మురిసిపోతాడు. ఈ సినిమాకోసం 1976 జనవరిలో మయామీలో జరిగిన అసలు సూపర్ బౌల్‌లోనే చిత్రీకరణ జరిపారు. టికెట్ కొనుక్కుని ఆట చూడవచ్చిన జనమే తమ ఊహా మారణకాండకు నేపథ్యమయ్యారు.

అయితే ఆ కెమెరా ఎవరిది? కోట్లమందిని ఒక ఆదివారం తెరముందు కూర్చోబెట్టి, వాళ్ల చూపులను ప్రకటనదారులకు అమ్ముకునే వ్యాపారానిది. హంతకుడికి కీర్తి దొరికే సంత అదే. లాండర్‌ను అక్కడిదాకా నడిపించిన హారిస్ సంత యజమానుల జోలికి మాత్రం పోడు. వాళ్లు అతని కథలో కేవలం బాధితులు.

పాత్రచిత్రణలో ఈ పక్షపాతం మరింత స్పష్టం. లాండర్‌కు బాల్యం ఉంది, దాంపత్యం ఉంది, చెర ఉంది. అతని మనసు ఏ మెట్టుమీద ఎలా విరిగిందో రచయిత ఓపికగా చూపిస్తాడు. ఆ ఓపికలో నాలుగో వంతు దలియాకు దక్కదు. ఆమె కోపానికి కారణమైన చరిత్ర పొడిమాటల్లో తేలిపోతుంది. సినిమా ఈ విషయంలో కాస్త నయం: ఆమె కుటుంబానికి జరిగినదాన్ని ఒక ఈజిప్షియన్ అధికారి కబకోవ్ ముఖంమీదే చెబుతాడు. ఇక వియత్నాం? ఈ నవల వచ్చిన సంవత్సరమే, 1975 ఏప్రిల్ 30న, సైగాన్ పతనమైంది. ఆ యుద్ధం వియత్నాం ప్రజలకు ఏం చేసిందన్నది నవలకు పట్టని సంగతి. యుద్ధమంతా ఒక అమెరికన్ మనోవ్యాధిగా కుదించుకుపోయింది. రోగికి చరిత్ర ఉంటే చాలు, రోగానికి అక్కర్లేదన్నమాట!

ఆ తరువాత హారిస్ ఎటు వెళ్లాడో చూస్తే ఇది యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. 1981లో ‘రెడ్ డ్రాగన్’, 1988లో ‘ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్’ వచ్చాయి. యుద్ధం, చెర, కాందిశీకుల ప్రసక్తి మొదటి నవలలో పేరుకైనా ఉంది. ‘రెడ్ డ్రాగన్’ హంతకుడికి అదీ అవసరం లేకపోయింది. అతని హత్యలను అచ్చువేసి అమ్ముకునే ఒక చవకబారు పత్రిక ఉంటే సరిపోయింది.