సంతలో వెదురు కొమ్ములు, బండి మీద నూడుల్స్

ఖమ్మం మిర్చి యార్డులో తేజా రకం ధర చైనా కొనుగోళ్లతో పాటు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అక్కడి ఆర్డర్లు తగ్గాయంటే ఇక్కడ రైతు గుండెల్లో రాయి పడుతుంది. మన కారం నేరుగా చైనా పోతోంది. సాయంత్రం బండి మీద మనం తినే చైనీస్ మాత్రం కలకత్తా మీదుగా వచ్చింది.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో టోంగ్ అచ్యూ అనే చైనా వర్తకుడు కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున చక్కెర మిల్లు పెట్టాడు. ఆయన పేరు మీదే ఆ ఊరు అచ్చీపూర్ అయింది. తర్వాత వచ్చిన హక్కా, కాంటన్ కుటుంబాలు లాల్‌బజార్ దగ్గరి టిరెట్టా బజార్‌లోనూ, తోళ్ల పనితో టాంగ్రాలోనూ స్థిరపడ్డాయి. 1962 యుద్ధం వచ్చినప్పుడు చైనా సంతతి వాళ్లను వేలమందిని ఆడ, మగ, పిల్లా జెల్లా అనకుండా రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో పెట్టారు. బయటపడ్డాక చాలామంది దేశమే వదిలిపోయారు. ఉండిపోయినవాళ్ల వంటను దేశమంతా నెత్తిన పెట్టుకుంది. చికెన్ మంచూరియాను 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో మొదట వండింది కూడా కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగే. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, గరం మసాలా బదులు సోయా సాస్ పోశాడు.

భద్రాచలంలో ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర నిలబడి మాస్టర్ చేతులు చూడటం నాకు ఇష్టం. నూడుల్స్ మధ్యాహ్నమే ఉడికించి, చన్నీళ్లతో కడిగి, నూనె పట్టించి ఆరబెట్టి ఉంటాడు. ఫ్రైడ్ రైస్‌కు వేడన్నం పనికిరాదు, చల్లారి మెతుకుకు మెతుకు విడిపోవాలి. మంట హోరుమని మూకుడు అంచు దాటుతుంటుంది. క్యాబేజీలోంచి ఊరిన నీరు ఊరినట్టే ఇగిరిపోవాలి. లేకపోతే ఆ నీళ్లలోనే ముక్క ఉడికి మెత్తబడుతుంది. అందుకే పని తెలిసిన మాస్టర్ ఎంతమంది తొందరపెట్టినా నాలుగు ప్లేట్లు ఒకేసారి వేయడు. కాంటన్ వంటవాళ్లు ప్రాణంగా చూసుకునే ఆ కాలీకాలని వాసన అప్పుడే వస్తుంది. ఈ పనిని చిల్లర పని అనేవాళ్లంటే నాకు కోపం.

టేస్టింగ్ సాల్ట్ మీద కూడా నాకంత పట్టింపు లేదు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచులోంచి తీసిన ఆ రుచి పండిన టమాటాలోనూ ఉంది. నా బాధల్లా రంగు గురించి. తేజా పండే జిల్లాలో ఎర్రరంగు కలపడమేమిటి? ఎండుమిర్చి నానబెట్టి వెల్లుల్లితో నూరిన ఘాటు ముందు ఏ సీసా సాస్ నిలబడుతుంది?

మన దాకా రానిది ఇంకొకటుంది. ఆదివారం పొద్దున్నే టిరెట్టా బజార్‌కు వెళ్తే అంతా ఆవిరే. మూత తీస్తే పంది మాంసం కూరిన తెల్లటి బన్నులు, షూమైలు, పక్కనే చేప ఉండల సూప్. ఆ వంటలో మంట మీది సగం మన ఊళ్లకొచ్చింది, ఆవిరి సగం ఆగిపోయింది. మోమోలు ఈమధ్య వచ్చాయి గానీ వాటి దారి వేరు, అవి హిమాలయాల నుంచి దిగాయి. కుడుములు తినే మనకు ఆవిరి కొత్తేం కాదు కదా!

ఇంకా విచిత్రం వెదురు కొమ్ములది. వానలు పడగానే చింతూరు వైపు సంతల్లో ఆదివాసీ ఆడవాళ్లు వాటిని కుప్పలు పోసి అమ్ముతారు. చైనా వంటింట్లో అది అతి మామూలు దినుసు. నగరాల్లో పెద్ద హోటళ్లు డబ్బాల్లో వచ్చిన ముక్కలు వాడతాయి. ఇక్కడ తాజాగా ఎదురుగా ఉన్నా, నేను చూసిన ఏ బండి మీదా కనపడదు. సన్నగా తరిగి, నానబెట్టి, బాగా ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. పచ్చి కొమ్ములో చేదుతో పాటు సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది, కాబట్టి ఈ పనిలో తొందర కూడదు. ఆ తర్వాత పెద్ద మంట మీద వెల్లుల్లి, తేజా కారం, కాస్త సోయా సాస్‌తో తిప్పితే కరకరలాడుతూ ఉంటుంది. క్యాబేజీకి ఆ యోగ్యత లేదు.

ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి వచ్చిన ఒక మాస్టర్‌తో ఈ మాటే అన్నాను.

"మా అమ్మ వండుద్ది సార్. బండి మీద పెడితే ఎవరు తింటారు?" అన్నాడు.

"నేను తింటాను తమ్ముడూ. ముందు ఒక్క ప్లేట్ వెయ్యి" అన్నాను.

"రెండు నెలలే దొరుకుద్ది కదా" అన్నాడు.

సబబైన మాటే. అయితే ఎండబెట్టిన కొమ్ములు నిలవుంటాయి, అది ఆ అడవుల్లో తెలిసిన పనే. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది, దాన్ని సేకరించి అమ్ముకునే హక్కు ఆదివాసులకు ఉందని చెప్పింది. ఇక కావాల్సింది సంతకు పోయి, ఆ ఆడవాళ్లతో ముందే మాట్లాడి, గిట్టుబాటు ధరకు ఏడాదికి సరిపడా కొనే బండివాళ్లు.