వాహనములపై వీరచిహ్నములు

బెంగుళూరులో హలసూరు చెరువు ప్రక్క బాటపై సాయంకాలము అరగంటసేపు నిలుచున్నవారికి, అచ్చటి సైనిక కేంద్రపు ప్రహరీగోడకంటె ముందుగ వాహనముల వీపులే సైన్యమును జ్ఞప్తికి తెచ్చును. ఒక కారు వెనుక అద్దముపై ఎఱ్ఱని పట్టీలో 'ఆర్మీ' అను ఇంగ్లీషు అక్షరములు. ఒక మోటారు సైకిలు ట్యాంకుపై అడ్డముగ పెట్టిన రెండు కత్తులు. వేఱొక కారు బంపరుపై ఒక రెజిమెంటు ముద్ర. ఒక స్కూటరు ముందుభాగమున 'మాజీ సైనికుడు' అను మాట. చెన్నైలోను, పుణెలోను, బరంపురములోను గూడ ఈ దృశ్యము క్రొత్తది కాదు. చూచుటకిది చిన్న విషయమే. కాని ఆ చిన్న కాగితపు ముక్క ఎంత పెద్ద మాట చెప్పుచున్నదో, ఎవరితో చెప్పుచున్నదో విచారించుట అనవసరము కాదని మేము తలచుచున్నాము.

ఈ విచారణకు కారణము మా సంఘములోనే కలిగినది. సభ్యులలో సైన్యమున పనిచేసినవారికిని, వారి కుటుంబములకును వాహనములపై అంటించుకొనుటకు సంఘము పేరిట ఒక స్టిక్కరు అచ్చు వేయింపవలెనని కార్యవర్గ సమావేశమున ఒక మిత్రుడు సూచించెను. నమూనా కూడ సిద్ధముచేసి తెచ్చెను. అది చూడముచ్చటగనే యున్నది. అందఱును తల యూచిరి. నిజముగ పటాలమున పనిచేసి వచ్చిన పెద్దలు ఆ సభలో ఒక్కరే యుండిరి. వారు నమూనాను చేతికి తీసికొని, త్రిప్పి చూచి, మరల బల్లపై పెట్టి, "బండి నాది బాబూ, పటాలం నాది కాదు గదా" అనిరి. అంతకు మించి ఒక్క మాటయు చెప్పలేదు. విషయము తరువాతి సమావేశమునకు వాయిదా పడినది. ఆ మాటకు అర్థమేమని మేము చాల దినములు ఆలోచించితిమి. ఈ వ్యాసము ఆ యాలోచన ఫలము.

మొట్టమొదట ఒక మాట స్పష్టముగ చెప్పవలెను. సైనికసేవను గూర్చి గర్వించుట తప్పని మేము చెప్పుట లేదు. ఆ గర్వమునకు మన వారికి హక్కు కలదు. 1756-57 సంవత్సరములలో క్లైవు దక్షిణమునుండి వంగదేశమునకు తీసికొనిపోయిన సిపాయిలలో తెలుగువారు ఉండుటచే, ఉత్తరాదిని కుంఫిణీ సిపాయికి 'తిలంగా' అను పేరే స్థిరపడినది. 1857లో ఢిల్లీ ప్రజలు తిరుగబడిన సిపాయిలను గూడ తిలంగాలనియే పిలిచిరి. వారు అధికసంఖ్యాకులు అవధ్, బీహారు ప్రాంతములవారైనను, పేరు మాత్రము మనదే. 1780లో పుట్టిన మద్రాసు సాపర్లలో తెలుగువారు తరతరములుగ పనిచేసిరి. 1809లో బెంగుళూరు దండు ఏర్పడినప్పుడు దాని వెంట వచ్చి స్థిరపడిన కుటుంబములలో అరవవారితోపాటు తెలుగువారును కలరు. నాగపురము చెంత కాంప్టీ దండునకును మద్రాసు పటాలములు పోయినవి. పరరాష్ట్రమున మన యిండ్లు కొన్ని పటాలము వెంట నడచి వచ్చినవేయని మఱచిపోరాదు.

తాడేపల్లిగూడెమునకు సమీపమున మాధవరమను గ్రామము కలదు. ఇంటింటినుండియు సైన్యమునకు మనుష్యులను పంపిన గ్రామమగుటచే లోకము దానిని 'మిలిటరీ మాధవరము' అని పిలుచుచున్నది. లోకము పిలుచుచున్నదను ముక్కను పాఠకులు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన. ఆ బిరుదు ఊరివారు తగిలించుకొన్నది కాదు.

మన వ్యాకరణమున పురుషలు మూడు. వాడు, వారు అనుట ప్రథమ పురుష. నీవు, మీరు అనుట మధ్యమ పురుష. నేను, మేము అనుట ఉత్తమ పురుష. వీరునిగూర్చిన మాట ఏ పురుషలో చెప్పబడినదో చూచినచో దాని స్వభావము కొంత తెలియునని మాకు తోచినది.

వీరగల్లు ప్రథమ పురుషలో మాటలాడును. రాయలసీమలోను, కన్నడదేశములోను పొలముల గట్లపై, గుడుల ప్రక్కల ఈ శిలలు నేటికిని నిలిచి యున్నవి. తమిళులు వీనిని నడుకల్లు అందురు. సాధారణముగ మూడంతస్తుల శిల్పము: క్రింద పోరాటము, నడుమ అప్సరసలు వీరుని తోడ్కొనిపోవుట, పైన దేవుని సన్నిధి, శిఖరమున సూర్యచంద్రులు. ఊరి పశువులను దొంగలు తోలుకొని పోవుచుండగా అడ్డుపడి చచ్చినవానికి ఒక రాయి. ఏలినవాని యుద్ధములో పడినవానికి ఒక రాయి. బెంగుళూరునకు దక్షిణమున బేగూరు దేవాలయములో సుమారు 890 నాటి వీరగల్లు శాసనమొకటి కలదు. బెంగుళూరు యుద్ధమున ఒకడు మరణించిన సంగతి అందు చెప్పబడినది. ఈ మహానగరము పేరు మనకు దొరకిన తొలి లేఖనమున ఒక యోధుని మరణవార్తతో కలిసి యున్నది. ఆ రాతిని అతడు చెక్కించుకొనలేదు. మిగిలినవారు చెక్కించిరి. మఱియొక విశేషము: పడినవాని కుటుంబమునకు భూమి నిచ్చుట కూడ ఆనాటి ఆచారము. కన్నడమున దానిని 'నెత్తరు కొడగె' అందురు. కీర్తికి రాయి, కూటికి భూమి. రెండును ఇచ్చినప్పుడే ఆ గౌరవము పూర్తి యగును.

లారీ వెనుక రాత మధ్యమ పురుషకు చేరినది. 1965లో లాల్ బహదూర్ శాస్త్రిగారు ఇచ్చిన 'జై జవాన్, జై కిసాన్' నినాదము దేశపు బాటలన్నిటిపై లారీల వెంట తిరిగినది. కుంచె పట్టిన పెయింటరు సైనికుడు కాడు. బండి తోలువాడును సైనికుడు కాడు. ఇద్దఱును కలిసి ఎదుటనున్న ఒకనికి జయము పలుకుచున్నారు. అక్షరములు వంకరలు పోయినను, రంగులు ముదురైనను, ఆ రాతలో ఒక మర్యాద కలదు. అది నమస్కారము.

ఇక స్టిక్కరు ఉత్తమ పురుష. 'నేను సైనికుడను', 'నేను సైనికుని వాడను' అని అది చెప్పును. వ్యాకరణమున 'నేను' అనుట ఉత్తమ పురుషయే. కాని లోకమున ఉత్తమ పురుషుడు 'నేను' అని మొదలుపెట్టడు. (ఈ వ్యాసము 'మేము, మేము' అని సాగుచున్నదని పాఠకులు నవ్వవచ్చును. ఆ దోషము మాయందును కలదని ఒప్పుకొనుచున్నాము.) పైగా ఆ మాట వ్రాసిన చోటు కూడ గమనింపదగినది. వీరగల్లు దారిప్రక్కన నిలుచును. బాటసారి ఆగి చదువును. స్టిక్కరు పరుగెత్తు బండి వెనుకభాగమున నుండును, వెనుకబడినవాడు చదువును. ఆగి తలవంచుమని యది చెప్పదు. అడ్డు రాకుమని చెప్పును. ప్రతి స్టిక్కరును ఇట్లు తలచి అంటించినదని మేమనము. కాని చూచువాడు చదువుకొను అర్థమిదియే.

ఇంతటితో ఆగినచో ఇది అభిరుచికి సంబంధించిన మాటగనే యుండును. కాని గుర్తు ఎప్పుడును గుర్తుగా మాత్రమే ఉండదు. అది కొంత కాలమునకు హక్కు అడుగును. నిలుపరాని చోట నిలిపిన బండికి, ఎఱ్ఱదీపము దాటిన బండికి, సుంకపు గేటు వద్ద వాదించు బండికి ఆ పట్టీ వకాలతు పుచ్చుకొనును. చట్టము చెప్పునది వేఱు. జాతీయ రహదారులపై పరమవీర చక్ర, అశోక చక్ర మొదలగు శౌర్య పురస్కారములు పొందినవారికి రుసుము మినహాయింపు కలదు. దానికి వారు చూపవలసినది గుర్తింపు కార్డు. స్టిక్కరునకు అట్టి యధికారమేదియు లేదు. నంబరు ప్లేటుపై నంబరు తప్ప అన్యమైన రాతలుగాని బొమ్మలుగాని ఉండరాదు. సైన్యపు సొంత వాహనములను చూడుడు: నంబరునకు ముందు పైకి చూచు చిన్న బాణపు గుర్తొకటి. తన బండిని గుర్తించుకొనుటకు అంత పెద్ద సైన్యమునకు ఆ బాణము చాలినది.

అంతకంటె గంభీరమైన మాట ఇంకొకటి కలదు. 2001 డిసెంబరు 13వ తేదీన పార్లమెంటుపై దాడిచేసినవారు ఎక్కి వచ్చిన తెల్లని అంబాసిడర్ కారుపై హోంమంత్రిత్వశాఖ పేరుగల దొంగ స్టిక్కరు ఉండెను. ఒక కాగితమును నమ్మి గేటు తెఱచుట ఎంత ప్రమాదమో ఆ దినమున దేశము తెలిసికొన్నది. బజారులో నేడు ఎవరు డబ్బిచ్చినను సైన్యము పేరుగల పట్టీ దొరకును. నీవు ఏ పటాలమున పనిచేసితివని దుకాణదారుడు అడుగడు. అందఱికిని దొరకు గుర్తు ఎవరిని గుర్తించును? నిజమైన సైనికుని మాటకే దానివలన విలువ తగ్గును. 2024 ఏప్రిల్ నెలాఖరున చెన్నై ట్రాఫిక్ పోలీసులు, సొంత వాహనములపై శాఖల పేర్లును, వృత్తుల పేర్లును తెలుపు స్టిక్కర్లను మే 2వ తేదీనుండి సహింపమని ప్రకటించిరి. పలువురు నొచ్చుకొనిరి. మాకు మాత్రము ఆ యుత్తర్వు సమంజసముగనే తోచినది.

దీనికి ఎదురు వాదము కలదు. అది తేలికయైనది కాదు. కొడుకు సరిహద్దున నుండగా, అతని రెజిమెంటు ముద్రను తన స్కూటరుపై అంటించుకొన్న తల్లిని మేమెఱుగుదుము. ఆమె ఎవరినుండియు దారి అడుగుట లేదు. కొడుకు పేరు ఎవరైన అడుగుదురేమోయని ఎదురుచూచుచున్నది. అమెరికాలో మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917లో, సైన్యమునకు పోయిన ప్రతి బిడ్డకు ఒక నీలి నక్షత్రము చొప్పున కిటికీలో జెండా వ్రేలాడదీయు ఆచారము పుట్టినది. బిడ్డ మరణించినచో నీలి నక్షత్రముపై బంగారు నక్షత్రము కుట్టుదురు. అది గొప్ప చెప్పుకొనుట కాదు, ఇంటివారి నిరీక్షణ. నేడు అచ్చటి రాష్ట్రములు మాజీ సైనికులకు ప్రత్యేకమైన నంబరు ప్లేట్లను గూడ ఇచ్చుచున్నవి. కాని సేవకు ఋజువు చూపిన తరువాతనే ఇచ్చుచున్నవి. కనుక మేము తప్పుపట్టునది గుర్తును కాదు. ఋజువు లేక, ఇచ్చువారు లేక, తనకు తాను ఇచ్చుకొను గుర్తును. ఆ తల్లి స్కూటరుపైనున్న ముద్రను గీకివేయుమని మేము చెప్పజాలము. ఆమెను ఎవరును పలుకరింపలేదు గనుక ఆమె అది అంటించుకొనవలసి వచ్చినదని మాత్రము చెప్పగలము. ఆ లోపము మనది.

వాహనముపై ఉంచదగిన చిహ్నమొకటి మన దేశమున ఎప్పటినుండియో కలదు. 1949 నుండి ఏటేట డిసెంబరు 7వ తేదీన సాయుధ దళముల పతాక దినము జరుగుచున్నది. ఎఱుపు, ముదురు నీలము, లేత నీలము అను మూడు రంగులు మూడు దళములకు గుర్తు. విరాళమిచ్చినవారికి రొమ్మున గ్రుచ్చుకొనుటకు చిన్న జెండాయు, కారునకు కట్టుటకు జెండాయు ఇత్తురు. ఆ సొమ్ము వీరుల వితంతువులకును, అంగవికలులైన సైనికులకును, మాజీ సైనికుల కుటుంబములకును చేరును. ఇది కట్టుకొనువాడు సైనికుడు కానక్కఱలేదు. ఋణము తీర్చువాడైన చాలును. వీరగల్లు ప్రక్కనున్న నెత్తరు కొడగె ఈ కాలమున ఈ రూపము తాల్చినదని మేము భావించుచున్నాము.

కనుక మా సంఘమునకు మా మనవి ఇది. స్టిక్కరు అచ్చునకు ఉద్దేశించిన సొమ్మును పతాక దిన నిధికి పంపుడు. ఆ దినమున సభ్యులందఱును తమ వాహనములకు ఆ జెండా కట్టుడు. సైన్యమున పనిచేసిన మన సభ్యుల యిండ్లకు పోయి, వారు ఏ పటాలమున, ఎచ్చట, ఎన్నేండ్లు పనిచేసిరో అడిగి వ్రాసికొని, వచ్చు సంచికలో ప్రకటింపుడు. మరణించినవారి భార్యలలో పింఛను కాగితములు చిక్కుపడియున్నవారు ఎవరైన ఉన్నారేమో కనుగొని, ఇంగ్లీషు వచ్చిన యువకుని ఒకనిని వారివెంట కచేరీకి పంపుడు. బండి నాది, పటాలము నాది కాదన్న ఆ పెద్దమనిషి గాథను మొదట వ్రాయవలెనని మా కోరిక. వారు తమంత తాము చెప్పుకొనరు. మనమే పోయి అడుగవలెను.