వేగం అడిగేముందు పిచ్ అడగండి

2024 అక్టోబరు 22 రాత్రి మా విజయవాడ భవానీపురం పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీశాయి. మూడు వారాలు తిరక్కుండానే, నవంబరు 9న, అదే ఘాట్ నుంచి ట్విన్ ఆటర్ సీప్లేన్ ముఖ్యమంత్రి చంద్రబాబును ఎక్కించుకుని శ్రీశైలం వెళ్లింది. జనం ఆ డ్రోన్ల గిన్నిస్ రికార్డుల గురించీ, సీప్లేన్ టికెట్ ఎంత పెడతారన్న దాని గురించీ మాట్లాడుకున్నారు. నా కళ్లు మాత్రం ప్రొపెల్లర్ల మీదే ఉండిపోయాయి.

డ్రోన్ బ్లేడుకు వాలు మారదు. మోటారు వేగాన్ని పెంచి తగ్గించి పని నడుపుతారు. ట్విన్ ఆటర్ బ్లేడ్ల వాలు ఎగురుతుండగానే మారుతుంది. నీళ్ల మీదకు దిగాక వేగం తగ్గించడానికి ఎదురు తోపు కూడా ఇస్తాయి. ఈ రెంటికీ మధ్య ఇరుక్కుపోయేవాడు ఇంట్లో విమానం కట్టుకునే మనిషి. మన దేశంలోనూ అలాంటివాళ్లున్నారు. ముంబైలో అమోల్ యాదవ్ డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2017లో దానికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ సాధించారు.

ఖర్చు, బరువు కలిసిరావాలని చిన్న విమానాలకు చాలామంది వాలు మారని ప్రొపెల్లరే బిగిస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ వాలును చెప్పే అంకె పిచ్: బ్లేడు జారకుండా ఒక చుట్టు తిరిగితే ఎంత ముందుకు పోతుందో అది. 60 అంగుళాల పిచ్, నిమిషానికి 2,700 చుట్లు (ఆర్‌పీఎం) అంటే కాగితం మీద గంటకు 247 కిలోమీటర్లు. గాలిలో కొంత జారుడు తప్పదు కాబట్టి అందేది సాధారణంగా అంతకు తక్కువే.

పిచ్ పెంచితే క్రూజ్‌లో, అంటే పైన సమంగా ఎగిరేటప్పుడు, హాయిగా పోతుంది. కానీ రన్‌వే మీద ఇంజన్ మీద భారం పడి పూర్తి ఆర్‌పీఎం అందుకోదు. ఆర్‌పీఎం రాకపోతే, కొన్న హార్స్‌పవర్ అంతా చేతికి రాదు. పిచ్ తగ్గిస్తే చకచకా పైకెక్కుతుంది. తీరా సమంగా ఎగిరే వేళకు ఇంజన్ ఆర్‌పీఎం హద్దు దాటి తిరుగుతుంది, థ్రాటిల్ వెనక్కి లాగాల్సి వస్తుంది. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కడానికీ, గన్నవరం హైవే మీద పరుగెత్తడానికీ బండికి ఒకటే గేరు ఇచ్చినట్టన్నమాట.

దీనికి మన ఎండలు తోడు. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత 9 శాతం పైగా తక్కువ. ఇంజన్‌కు ఊపిరి తగ్గుతుంది, బ్లేడుకు పట్టు తగ్గుతుంది, రెక్కకు ఆధారం తగ్గుతుంది. చలిదేశంలో ఎవరో మెచ్చుకున్న ప్రొపెల్లర్‌ను కృష్ణా జిల్లా మే నెలలో బిగిస్తే మొదట తేలేది రన్‌వే పొడవు చాలదనే.

ఇంత తెలిసీ మనవాళ్లు ముందు అడిగేది ‘ఎంత స్పీడు పోతుంది’ అనే. క్రూజ్‌లో కావలసిన శక్తి ఇంచుమించు వేగం ఘనంతో పెరుగుతుంది. పది శాతం ఎక్కువ వేగం కావాలంటే మూడో వంతు అదనపు శక్తి పెట్టాలి. అదే పది శాతం తగ్గిస్తే శక్తి నాలుగో వంతుకు పైగా ఆదా. అందుకే పెద్ద ఇంజన్ తెచ్చి బిగించడం కన్నా, గాలికి అడ్డం పడే చక్రాలకూ స్ట్రట్లకూ నున్నటి తొడుగులు వేయడం నా లెక్కలో తెలివైన పని.

చెప్పుకునే వేగాన్నీ అంత తేలిగ్గా నమ్మకండి. వెనక గాలి కలిసొచ్చినప్పుడు జీపీఎస్ చూపిన అంకె విమానం గొప్ప కాదు. ఎదురు దిక్కుల్లో, ఒకే ఎత్తులో, ఒకే ఆర్‌పీఎంతో రెండుసార్లు ఎగిరి సగటు తీయాలి. మీటరు చూపే ఆర్‌పీఎం నిజమో కాదో విడిగా సరిచూడాలి.

విజయవాడ కాలేజీల్లో డ్రోన్లు కడుతున్న పిల్లలకు ఒక్క మాట. మీరు కొనే ప్రొపెల్లర్ మీద రెండు అంకెలుంటాయి, ఒకటి వ్యాసం, రెండోది పిచ్. ఆ రెండో అంకెను ఎందుకు ఎంచుకున్నారో కారణం చెప్పగలిగిన రోజునే పెద్ద విమానం గురించి ఆలోచించండి.