నొక్కకుండా కొలవాలి

"నొప్పి లేదు కదా అని ఊరుకున్నానమ్మా." ఈ మాట విని విని నొప్పి లేని గడ్డ అంటేనే నాకు భయం పట్టుకుంది. దసరా వెళ్లిన వారం జాలారిపేట నుంచి ఒకావిడ వచ్చారు. నలభై ఏళ్లుంటాయి. చేపలకు ఉప్పు పట్టిస్తూ మోచెయ్యి రాసుకుంటే రొమ్ములో గడ్డ ఉన్నట్టు తెలిసిందట. బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించారు: "కుంకుడుగింజంత ఉంటాది."

గట్టిగా ఉందా, వేలికింద జారుతోందా, అంటుకుపోయి ఉందా? గడ్డను చూడగానే వేళ్లు అడిగే ప్రశ్నలివి. వేళ్లను నేను తక్కువ చేయను. ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లు నడిపిన అధ్యయనంలో లక్షన్నర మంది ఆడవాళ్లున్నారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించిన చోట, యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అయితే ఒకరి వేలికి గట్టిగా తగిలింది ఇంకొకరికి ఓ మోస్తరుగా అనిపిస్తుంది. ఆ గట్టిదనాన్ని అంకెలోకి తెచ్చే స్కాన్ ఎలాస్టోగ్రఫీ. నేను చేసే పని అదే.

చర్మం మీద ఆనించే ప్రోబు లోపలికి బలమైన అల్ట్రాసౌండ్ తోపు తోస్తుంది. కణజాలం వెంట్రుక మందంలో ఎన్నో వంతు కదులుతుంది. ఆ కదలిక పక్కలకు అలగా పాకుతుంది. అల్ట్రాసౌండ్ ఒంట్లో సెకనుకు 1,540 మీటర్లు పోతే, ఈ అల పోయేది కొద్ది మీటర్లే. మెత్తని చోట నెమ్మదిగా, గట్టి చోట వేగంగా. ఆ వేగం నుంచే మిషన్ కిలోపాస్కల్స్ లెక్క కడుతుంది. కొవ్వు కొద్ది కిలోపాస్కల్స్ చూపిస్తే, క్యాన్సర్ గడ్డలు చాలావరకు వంద దాటుతాయి. చుట్టూ పీచులాంటి కణజాలాన్ని పోగేసుకుంటాయి కాబట్టి గడ్డ నడుమ కంటే అంచే ఎక్కువ గట్టిగా ఉండడం మామూలు. అందుకే కొలత వలయాన్ని అంచుదాకా జరిపి చూస్తాను.

నేను ఉక్కునగరంలో పెరిగాను. నాన్న స్టీల్‌ప్లాంట్ ల్యాబ్‌లో పనిచేసేవారు. బ్రినెల్ మిషన్ కింద ముక్క పెట్టి, గట్టి బంతిని బలంగా దించి, పడిన గుంట వెడల్పును లెన్సులోంచి కొలిచేవారట. నా పని గురించి చెబితే ఆయన ముందు మాట సరిచేశారు: "గుంట పడనివ్వని గుణం వేరమ్మా, వంగి మళ్లీ యథాస్థితికి వచ్చే గుణం వేరు. నువ్వు కొలిచేది రెండోది." నిజమే. ఆ లెక్కన ఉక్కు దాదాపు 20 కోట్ల కిలోపాస్కల్స్. మా వేళ్లకు రాయిలా తగిలే వంద కిలోపాస్కల్స్ గడ్డ అందులో ఇరవై లక్షల వంతు.

నాన్న నొక్కి కొలిచేవారు. నేను నొక్కితే కొలత చెడిపోతుంది. ఇది నాకు తెలిసొచ్చిన తీరు చెప్పాలి. గట్టి చోటును మిషన్ తెరమీద ఎర్రగా చూపిస్తుంది. కొత్తలో ఒక అమ్మాయి గడ్డ ఎర్రగా కనిపిస్తే గట్టిదని రిపోర్టు రాశాను. సూది పరీక్ష చేశారు, క్యాన్సర్ కాని మామూలు గడ్డ, ఫైబ్రోఎడినోమా అని వచ్చింది. ఆ ఫలితం కోసం ఆ పిల్ల, వాళ్లమ్మ పది రోజులు నిద్రలేకుండా గడిపారు. తర్వాత బొమ్మలు తీసి చూసుకున్నాను. చర్మం కింది కొవ్వు పొర అప్పడంలా అణిగిపోయి ఉంది. ఎరుపు గడ్డది కాదు, నా చేతిది. ఇప్పుడు జెల్ దండిగా వేసి, ప్రోబు బరువు కూడా ఆనకుండా పట్టుకుని, ఊపిరి బిగబట్టమని, బొమ్మ నిలకడగా కుదిరేదాకా ఆగుతాను. కొవ్వు పొర మందం చూశాకే అంకె చూస్తాను.

అంకె మెత్తగా వచ్చినంత మాత్రాన ధీమా పనికిరాదు. జిగురు నిండిన మ్యూసినస్ క్యాన్సర్లు మెత్తగా ఉండగలవు. పాత ఆపరేషన్ మచ్చలు, సున్నం పట్టిన ఫైబ్రోఎడినోమాలు క్యాన్సర్ కాకపోయినా గట్టిగా ఉంటాయి. మామూలు స్కాన్‌లో అనుమానం బలంగా ఉంటే అంకె ఏమన్నా సూది తప్పదు. ఎలాస్టోగ్రఫీ ఆదుకునేది అటూ ఇటూ కాని గడ్డల దగ్గర. 2012లో 939 గడ్డలపై అమెరికా, యూరప్ డాక్టర్లు ప్రచురించిన అధ్యయనంలో, క్యాన్సర్ కానిదాన్ని కాదని సరిగ్గా గుర్తించడం 61 శాతం నుంచి 78 శాతం దరిదాపులకు పెరిగింది. అంటే కొందరికి సూది తప్పుతుంది.

కానీ సూది తప్పించడమంటే "ఆరు నెలలకు మళ్లీ రండి" అనడం. పాడేరు అవతలి నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన మనిషికి ఆ మాట చెప్పలేను. ఆమె మళ్లీ రావడం ఎవరి చేతుల్లో ఉందో ఆమెకే తెలియదు. అలాంటప్పుడు అంకె మెత్తగా ఉన్నా అదే రోజు సూది పరీక్ష చేయమని సర్జన్‌ను అడుగుతాను. పుస్తకంలో లేకపోయినా, ఇది సరైనదనే నమ్ముతున్నాను.

జాలారిపేట ఆవిడ గడ్డ కోలగా ఉంది, అంచు ఒక్కచోట మసక. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ ఇరవై లోపే, అంచుతో సహా. మామోగ్రామ్‌లోనూ ఏమీ లేదు. సర్జన్‌తో మాట్లాడి ఆవిడకు రెండు దారులూ చెప్పాను. సూది వద్దన్నారు.

"మరి ఆరు నెలలకు తప్పకుండా రావాలి. ఈలోగా గడ్డ పెరిగినట్టనిపిస్తే ఆ రోజే రావాలి."

వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టుకున్నారు. "ఏప్రిల్ 15 నుంచి వేట బందు కదమ్మా. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. అప్పుడొస్తాను."

చీటీ మీద ఏప్రిల్ 16 అని రాసి, కింద ఆవిడ ఫోన్ నంబరుతోపాటు వాళ్లమ్మాయిది కూడా అడిగి రాసుకున్నాను.