మైకు వెనకాల మనిషి

తొలి టాకీల్లో అసలు మొనగాడు ఎవరంటే నేను శబ్దగ్రాహకుడినే చెబుతాను. 1931లో మన తొలి టాకీ ‘ఆలం ఆరా’ తీసిన స్టూడియో పక్కనే రైలుపట్టాలు. బండ్ల రొద సద్దుమణిగాక రాత్రిళ్లు తీశారు. మైకులు కెమెరాకు చిక్కకుండా నటుల దగ్గరే దాచాలి. నేపథ్యగానం లేదు, నటులే పాడాలి, వాద్యగాళ్లు చాటున వాయించాలి. బొమ్మా మాటా ఒకే ఫిల్ము మీద పడేవి. మధ్యలో ఎవరైనా దగ్గితే అంతే, షాటు మళ్లీ మొదటికి! శబ్దగ్రాహకుడు సరేననేదాకా దర్శకుడైనా ఆగాల్సిందే.

తర్వాతి రోజుల్లోనూ అలాంటి మొనగాళ్లున్నారు: మన తాడిపత్రి కె.వి.రెడ్డి తీసిన ‘మాయాబజార్’ (1957)కు ఎ.కృష్ణన్, శివరాం శబ్దం పట్టారు. ఘటోత్కచుడి గద్దింపులో ఒక్క అక్షరం చెదరదు. మా గుడిబండలో టీవీ ముందు కూర్చున్నా అంతే స్పష్టం. టైటిల్సులో వాళ్ల పేర్లు వచ్చేటప్పుడు నేను పక్కవాళ్లను మాట్లాడనివ్వను.