లీ చేర్చాలా, వద్దా?

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం బడిలో ఒక పిల్లాడు ‘మా నాన్న చేలో కష్టపడి పని చేస్తాడు’ అన్న మాటను ఇంగ్లిషులో పెట్టబోయి ‘మై ఫాదర్ హార్డ్‌లీ వర్క్స్’ అని రాశాడనుకోండి. వాడి తర్కానికి వంక పెట్టలేం. స్లోకు లీ చేరిస్తే స్లోలీ, క్విక్‌కు చేరిస్తే క్విక్‌లీ. హార్డ్‌కూ అంతే అనుకున్నాడు. కానీ ఆ వాక్యంలో నాన్న పనీపాటా పెద్దగా చేయడు. రాయాల్సింది ‘వర్క్స్ హార్డ్’.

ఈ తికమకకు మూలం చాలా పాతది. పాత ఇంగ్లిషులో విశేషణం చివర ఒక అచ్చు చేర్చి క్రియావిశేషణం చేసేవారు. రానురాను ఆ అచ్చు రాలిపోయి రెండూ ఒకేలా మిగిలాయి. హార్డ్, ఫాస్ట్ అలా వచ్చినవే. మరోవైపు లీ ప్రత్యయం జోరందుకుంది. 1762 నాటి తన ఇంగ్లిషు వ్యాకరణంలో పండితుడు రాబర్ట్ లౌత్ లీ లేని వాడుకలు కొన్నిటిని తప్పుపట్టాడు. అయినా పాతవి పోలేదు. రెండూ నిలిచినచోట చాలా జంటలు అర్థాలు పంచుకున్నాయి.

వీటిని నేర్పే దారి మన ఇంటి తెలుగులోనే ఉంది. ‘తాడు గట్టిగా లాగు’ అంటాం. ‘మీటింగుకు గట్టిగా పదిమంది రాలేదు’ అనీ అంటాం. మొదటి గట్టిగా హార్డ్, రెండోది హార్డ్‌లీ. ‘పెద్దగా అరిచాడు’, ‘వాన పెద్దగా పడలేదు’ అనడంలోనూ ఇదే పోకడ. తేడా ఒక్కటే: తెలుగులో లేదనే పని క్రియ చూసుకుంటుంది, ఇంగ్లిషులో హార్డ్‌లీయే చూసుకుంటుంది. అందుకే దాని పక్కన మళ్లీ నాట్ పెట్టకూడదు. 2017లో భక్త రామదాసు ఎత్తిపోతల పథకం నీళ్లు రాకముందు తిరుమలాయపాలెం మెట్ట మండలం పడ్డ కరువు గురించి రాయాలంటే ‘ఇట్ హార్డ్‌లీ రెయిన్డ్’ చాలు.

నియర్, నియర్‌లీ కూడా అంతే. ‘దగ్గరకు రా’ అన్నది నియర్. ‘దగ్గర దగ్గర నూరు బస్తాల మిర్చి’ అన్నది నియర్‌లీ. ఫ్రీ, ఫ్రీలీలదీ అదే తీరు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లు ఆర్టీసీ బస్సుల్లో ‘ట్రావెల్ ఫ్రీ’, అంటే టికెట్ డబ్బుల్లేవు. ‘ట్రావెల్ ఫ్రీలీ’ అంటే ఎవరి అడ్డూ లేకుండా తిరగడం. ఆ బస్సు ఆలస్యమైతే లేట్. ఈమధ్య తరచూ ఆలస్యమవుతుంటే ఆ ‘ఈమధ్య’ లేట్‌లీ. గద్ద హై ఎగురుతుంది. హైలీ మాత్రం ఎత్తును కాదు, మోతాదును చెబుతుంది. స్లో, స్లోలీలకు అర్థభేదం లేదు. రోడ్డు బోర్డు మీద స్లో సరిపోతుంది, పరీక్ష పేపర్లో స్లోలీ మేలు.

అర్థం తేలాక చోటు చూడాలి. హార్డ్ క్రియ తర్వాత వస్తుంది, హార్డ్‌లీ ఎక్కువగా ప్రధాన క్రియకు ముందు. ఒక్క మాటను అటూ ఇటూ జరిపి చదివిస్తే పిల్లల చెవికే తేడా తెలుస్తుంది.

రెండు భాషలను పక్కపక్కన పెట్టి చూపడం కొత్తేమీ కాదు. ఏ.డి. క్యాంప్‌బెల్ 1816లో, సి.పి. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లిషులో వివరించారు. తెలంగాణ ప్రభుత్వ బడులన్నిటిలో 2022-23 నుంచి ఇంగ్లిషు మీడియం పెట్టినప్పుడు లెక్కలు, సైన్సు పుస్తకాలను ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషుగా అచ్చువేశారు. క్రియావిశేషణాలకూ ఆ ఎదుటి పేజీ కావాలి. బట్టీపట్టిన జాబితా పరీక్షతో పోతుంది. ‘గట్టిగా పదిమంది రాలేదు’ అన్న మాట ఇంట్లో, చేలో, రచ్చబండ దగ్గర వినబడుతూనే ఉంటుంది. హార్డ్‌లీని దానికి ముడివేసి చెప్పిన పంతులుకు మళ్లీ చెప్పే పని ఉండదు.